అల్లుడి వాటాకు పోయిన బండి

"ఈ నట్టు ఎవరు బిగించిన్రు?" అని అరిచాను.

ఎవరికీ వినపడలేదు. సిరిసిల్లలో మా వదినె వాళ్ల సాంచెల షెడ్డు అది. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. అన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కనే బ్యాండు మేళం వాయించినా తెలియదు. నేను కింద చతికిలపడి ఉన్నాను. ఒళ్లో నా బండి వెల్లకిలా పడి ఉంది. జానెడున్నర పొడవుండే రిమోటు ట్రక్కు. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో అరచేతిలో దాని కడుపులోంచి రాలిన ప్లాస్టిక్ గేరు పళ్లు.

మళ్లీ అరిచాను. ఈసారి వదినె మొగుడికి నా నోరు కదలడం కనబడింది. ఆయన్ని నేను అన్న అంటాను. మా వైపు ఆడబిడ్డ మొగుణ్ని అలాగే పిలుస్తారు. ఆయన నవ్వుకుంటూ వచ్చి చెవి వంచాడు.

"ఏంది చెల్లె?"

"నడిమిట్ల నట్టు ఎవరు బిగించిన్రు అన్నా?"

"నేనే. లూజున్నది. డబ్బాలకెళ్లి తీసిన్నాడే చూసిన. కంపెనోడు సక్కగ బిగియ్యలే. పానా పెట్టి గట్టిగ తిప్పిన. ఎట్లున్నది?"

ఎట్లున్నదట! మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకే చూస్తున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు. నాకు కోపమొస్తే ముందు కళ్లే కారతాయి, చిన్నప్పటి నుంచీ ఇదే ఖర్మ. చూసేవాళ్లు పాపం అనుకుంటారు. నేనేమో ఆ పానా ఎక్కడుందా అని వెతుకుతుంటాను.

అసలు ఆ బండి నాది. ఆయన చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈ పిచ్చి నాకు జగిత్యాలలో పట్టింది. మా అమ్మగారిల్లు అక్కడే. మా సందు చివర సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు, ఆయనకు రిమోటు బండ్లంటే ప్రాణం. మార్కెట్ యార్డులో వడ్ల కుప్పలు ఎత్తేసి గచ్చు ఖాళీ అయితే చాలు, ఆయనా ఆయన సోపతిగాళ్లూ ఆదివారం పూట బండ్లు తెచ్చి ఉరికిస్తారు. నేను గోడ పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటే, "పట్టుకుంటవా అక్కా?" అని రిమోటు నా చేతిలో పెట్టాడు. దాని మీద తుపాకీకి ఉన్నట్టు ఒక మీట ఉంటుంది. వేలు అలా ఆనించానో లేదో బండి గచ్చు అవతలి అంచున ఉంది. నేను ఈ జన్మలో స్కూటీ కూడా నడపలేదు. అమ్మగారింట్లో అడిగితే "పెండ్లైనంక మీ ఆయన నేర్పిస్తడు" అన్నారు. పెళ్లయ్యాక అడిగితే "ఎక్కడికి పోతవే?" అన్నారు. అలాంటి దాన్ని, నా వేలు కదిపితే ఒక బండి అంత దూరం ఉరికిందంటే నాకేమయ్యుంటుందో ఆలోచించండి.

కోరుట్లలో మా అత్తగారింట్లో పొద్దంతా బీడీలు చుడతాను. అలవాటైన చేతులకు కళ్లతో పని లేదు. ఫోను గోడకు ఆనించి ఆ బండ్ల వీడియోలే చూసేదాన్ని. వాళ్లు మాట్లాడేది సగం అర్థం కాదు, పదో తరగతితో నిలిచిపోయిన చదువు నాది. కానీ చేతులు చేసేది అర్థమవుతుంది. ఏది విప్పుతున్నారు, ఏది విరిగింది, దాని బదులు ఏం వేస్తున్నారు. అది చూస్తే చాలు.

మొదట్లో నేనూ అందరిలాగే ఏది ఎక్కువ ఉరుకుతుందా అనే చూశాను. జగిత్యాల ఆయనకు ఫోన్ చేస్తే తిట్టినంత పని చేశాడు. "స్పీడు చూసి కొనకక్కా. ఇరుగుతది. ఏ బండైనా ఇరుగుతది. ఇరిగినంక సామాను దొరుకుతదా లేదా, గది చూడు." అప్పటి నుంచి నా చూపే మారిపోయింది. పెద్ద బండి వద్దు, మా సందులో తిరగదు. మరీ చిన్నదీ వద్దు, కంకర రాయి అడ్డం వస్తే ఆగిపోతుంది. రెండు చక్రాలకే బలమిచ్చేది మట్టిలో తోక ఊపుతుంది, కాబట్టి నాలుగు చక్రాలూ తిరిగేదే కావాలి. మోటారు లోపల కార్బన్లు అరిగే రకం కాకుండా, అవి లేని రకం కావాలి. ఇన్ని చూసుకుంటే చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. నీలం రంగుది. దాని గేరు ప్లాస్టిక్‌ది, అదొక్కటే లోటు. మార్చుకోవచ్చు.

మార్చడంలో కూడా ఒక పద్ధతి ఉంది. అన్నీ ఒకేసారి మార్చకూడదు. మోటారుకు బలం పెంచితే గేరు పళ్లు రాలతాయి. గేరు ఇనుపది వేస్తే ఆ బలం పోయి ఇరుసు మీద పడుతుంది. అందుకే మధ్యలో ఒక నట్టు పెట్టారు. దాన్ని బిగించీ బిగించనట్టు ఉంచాలి. చక్రం దేనికైనా గట్టిగా తట్టుకుంటే అక్కడ కొంచెం జారుతుంది, మిగతావన్నీ బతికిపోతాయి. ఆ నట్టు గురించి నేను చూసినన్ని వీడియోలు మా ఇంట్లోవాళ్లు సీరియళ్లు కూడా చూసి ఉండరు.

మా ఆయన దుబాయిలో ఉంటాడు. ఆ బండి అక్కడ దొరుకుతుంది. ఫోటో పంపాను. ఫోన్లో పడీ పడీ నవ్వాడు.

"పిల్లలైనంక పిల్లలకు కొందం తియ్యే."

"పిల్లలకు గాదు. నాకు."

"నీకా? నువ్వేం జేస్తవే దాంతోని?"

"ఉరికిస్త. నా బీడీల పైసలతోనే కొను. నీవి వద్దు."

ఒప్పుకున్నాడు. కార్గో డబ్బాలో వేశానన్నాడు. డబ్బా వచ్చేలోపు నేను ఇక్కడ ఇనుప గేరూ, చక్రాల బేరింగులూ తెప్పించి పెట్టుకున్నాను. బండి లేదు కానీ బండి సామాను మాత్రం నా దగ్గర ఉంది. రోజూ కాగితం విప్పి చూసుకుని మళ్లీ కట్టేసేదాన్ని.

ఇక కార్గో డబ్బా సంగతి. దుబాయి నుంచి డబ్బా వస్తే మా ఇంట్లో అల్లుడు రానిదే విప్పరు. అల్లుడు వచ్చి కూర్చోవాలి, కూల్‌డ్రింకు తాగాలి, అప్పుడు తాళ్లు కోయాలి. అందరికంటే ముందు ఆయన చెయ్యి పెట్టి తనకు నచ్చింది ఒకటి తీసుకోవాలి. ఆ తర్వాతే మిగతావాళ్లకు పంపకం. అల్లుడు చెయ్యి వేసినదాన్ని కాదనడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ప్రతిసారీ ఆయన సెంటు సీసానో, రగ్గో తీసుకునేవాడు. నాకేం బాధ? అందుకే ఆ రోజు కూడా నేను నిమ్మళంగా గుమ్మంలో నిలబడ్డాను. రగ్గు వచ్చింది, సబ్బులొచ్చాయి, పాలపొడి డబ్బాలొచ్చాయి. వాటి కింద నీలం రంగు కనబడింది.

అన్న చెయ్యి సెంటు సీసా దాటిపోయింది.

"గిదేంది అత్తా? మస్తున్నది!"

"ఏమో అల్లుడా, ఏదో ఆటబొమ్మ పంపినట్టున్నడు. నచ్చితె తీస్కో" అంది మా అత్త.

"గది నాది" అన్నాను నేను.

మా అత్త నా తొడ మీద గిల్లింది, ఇప్పటికీ ఆ మంట గుర్తుంది. అప్పటికే మా ఆయన వీడియో కాల్‌లో ఉన్నాడు, డబ్బా విప్పడం చూడాలని. నేను ఫోను లాక్కుని, "జెర చెప్పు, గది నాదని చెప్పు" అన్నాను. తల గోక్కున్నాడు.

"ఇయ్యి తియ్యే. బావ చెయ్యి పెట్టినంక కాదంటె ఇజ్జత్ ఉంటదా? నేను అచ్చేటప్పుడు ఇంకోటి తెస్త గద."

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. నెలల తరబడి నేను ఏరుకున్నది, నా చేతుల కష్టంతో కొన్నది, నా కళ్ల ముందే స్కూటర్ మీద పెట్టుకుని పోయారు. నాకేమో రెండు సబ్బులు ఇచ్చారు. ఆ సబ్బులతో ఇప్పటిదాకా నేను చెయ్యి కూడా కడుక్కోలేదు.

అయినా ఊరుకున్నాను. నిజంగా ఊరుకున్నాను. తర్వాత ఒక రోజు అన్న తన వాట్సాప్ స్టేటస్‌లో బండి వీడియో పెట్టాడు. సాంచెల మధ్య సందులో పోతోంది, లోపలి నుంచి కర్రుకర్రుమని చప్పుడు. గేరు పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కునే చప్పుడు అది. దాని కింద ఆయన నవ్వు బొమ్మలు పెట్టాడు. నాకు అన్నం సహించలేదు. మా అత్త తన కూతుర్ని చూడడానికి సిరిసిల్ల పోతుంటే నేనూ వస్తానన్నాను. సంచిలో గేరూ బేరింగులూ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు. బాగుచేసి ఇచ్చి వద్దామనా, తెచ్చుకుందామనా?

అలా వచ్చి ఆ షెడ్డులో కూర్చున్నాను. చూస్తే గేరొక్కటే కాదు. చక్రాలకు నూలు చుట్టుకుని ఉంది. షెడ్డులో నేలంతా తెగిన పోగులే కదా, వాటి మీద ఉరికిస్తే బేరింగుల సందులోకి దూరి, వేడికి కరిగి జిగురైపోయాయి. దాని మీద సాంచెకు పోసే నూనె పోశాడు. పోసి పోసి బండిని వడియంలా వేయించి పెట్టాడు.

"అన్నా, గది లూజు గాదు! గట్లనే ఉండాలె! జారాలె గది!" అని చెవిలో అరిచాను.

"ఏంది?"

"జారాలె!"

"ఏందే?"

నాకిక ఒళ్లు మండిపోయింది. ఊపిరంతా బిగబట్టి, "నా బండిని నాశనం జేసిన్రు!" అని గొంతు చించుకున్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా అరుపొక్కటే వాడంతా పోయింది. పక్క షెడ్డు వాళ్లు బయటికొచ్చారు. ఎదురింటి ఆవిడ చాట పట్టుకుని గేటు దాకా వచ్చింది. లోపల వంటింట్లోంచి మా అత్త కొంగు దోపుకుంటూ ఉరికొచ్చింది.

"ఓ పోరీ! అల్లుని మీదికి లేస్తున్నవా?"

"లేస్తలేనత్తా. బండి గురించి మాట్లాడుతున్న."

"బొమ్మ కోసం ఇంటి అల్లున్ని అంటవా?" అని ఎదురింటి ఆవిడ వైపు తిరిగింది. "చూసినవా? పిల్లల్లేరు గని మా కోడలికి బొమ్మలు గావాల్నట."

ఆవిడ చాట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట నాకు కొత్త కాదు. కానీ మొగుడు దుబాయిలో ఉంటే పిల్లలు కార్గో డబ్బాలో వస్తారా? ఆ మాట నోటిదాకా వచ్చింది. అన్న ముందు అనలేక మింగాను. దాంతో కోపం ఇంకా పెరిగింది.

అన్న మాత్రం అరవలేదు. బండి ముందు గొంతుక్కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "పొద్దంత గీ చప్పుడుల నిలవడత చెల్లె. పొద్దుమీకినంక గింత గచ్చు మీద తిప్పుకుంట. తాగుడా, పేకలా? గింతే గద నాకున్నది."

నా మనసు అప్పటికప్పుడే మెత్తబడిపోయింది. నా గుండె ఇంతే, ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే చాలు, కరిగి కాళ్ల దగ్గర పడుతుంది. నేనూ పొద్దంతా ఒకేచోట కూర్చునే మనిషినే. ఆయన చెప్పింది నాకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? ఇచ్చేద్దామనే అనుకున్నాను. నిజంగా. గేరు పొట్లం కూడా బయటికి తీశాను.

అది చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆఁ, గది ఏసి ఇయ్యి చెల్లె. అయినా ఆడిపిల్లవు నీకెందుకు గివన్ని? మోటర్ల సంగతి నీకేం తెలుస్తది? నా కాడనైతె పదిలంగ ఉంటది."

మెత్తబడిన గుండె మళ్లీ రాయైపోయింది.

"మోటర్ల సంగతి నాకు తెల్వదంటవు. మల్ల నన్నే ఏసియ్యమంటవు. రెండిట్ల ఏదో ఒక్కటి జెప్పు అన్నా."

ఫక్కున ఎవరో నవ్వారు. చూస్తే మా వదినె. ఛాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నా పక్షాన నవ్వడం అదే మొదలు. అన్నకు చెవులు ఎర్రబడ్డాయి. లేచి పోయి మూలన నూలు చుట్టిన బీము మీద కూర్చుని గోడ వైపు తిరిగాడు.

"అయ్యో, అల్లుడు అలిగిండు!" అని మా అత్త తల పట్టుకుంది. వెంటనే కొడుక్కి ఫోను. మా ఆయన డ్యూటీ మధ్యలో ఉన్నాడు, నెత్తి మీద టోపీ తీయకుండానే మాట్లాడాడు.

"ఏమే, మల్ల గా బొమ్మ లొల్లేనా? బావకు ఏసి ఇచ్చి రాయే. నలుగుట్ల ఇజ్జత్ తియ్యకు."

"ఇజ్జత్ మీరు ఉంచుకోన్రి" అన్నాను. "బండి నేను ఉంచుకుంట. గట్ల పంచుకుందం."

"ఏం మాట్లాడుతున్నవే?"

"నువ్వు కొంటనన్న ఇంకోటున్నది గద. గది బావకు తీస్కరా."

ఫోను మా అత్త చేతిలో పెట్టేశాను. బండిని నూనె కారుతుండగానే నా కొంగుతో తుడిచి సంచిలో పెట్టాను. కొత్త చీర, పోనీ. తీరా చూస్తే రిమోటు లేదు. రిమోటు లేని బండి ఏం చేసుకోవాలి? అన్నను అడగాలంటే నోరు రాలేదు. ఆయనేమో గోడను చూస్తూనే ఉన్నాడు.

మా వదినె ఛాయ్ గ్లాసులు కింద పెట్టింది. షెడ్డు గోడ అరలో పైనున్న డబ్బా దించి, అందులోంచి రిమోటు తీసి నా సంచిలో పడేసింది.

"తీస్కపో పిల్లా. సాంచె మీదున్న పోగులన్ని గిదే గుంజి తెంపుతున్నది. ముళ్లేసి ముళ్లేసి నా చేతి ఏళ్లు పోయినయ్."

"ఓసి నీ..." అన్నాడు అన్న గోడ వైపు నుంచే.

"బిడ్డా, అల్లుడు తినకుంట కూసున్నడే! కోడికూర సల్లారుతున్నది!" అంది మా అత్త.

"ఆకలైతె ఆయినే తింటడు తియ్యే అవ్వా" అంది వదినె. "నువ్వు పోయి అన్నం దించు, అడుగంటుతున్నది."

మా అత్త నాతో రానంది. అల్లుడి అలక తీరేదాకా ఇక్కడే ఉంటానంది. "ఇంటికి అచ్చినంక చెప్త నీ సంగతి" అని మాత్రం గేటు దాకా వచ్చి చెప్పింది. నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. వేములవాడ దాటేదాకా కోపం దిగలేదు. ఎవరి మీద? అన్న మీద అంతగా లేదు. ఆయనకు చెయ్యి పెట్టే అధికారం ఉందని అందరూ చెప్పారు, పెట్టాడు. మా ఆయన మీదే ఉంది. ఆ బండి ఎవరిదో ఈ భూమ్మీద ఆయన ఒక్కడికే తెలుసు. తెలిసీ, "బావా, అది నీ చెల్లెది" అని ఒక్క మాట అనలేకపోయాడు. దుకాణంలో బిల్లు కట్టింది ఆయనే కదా, ఎవరి పైసలో ఆయనకు తెలీదా? నన్ను ఆటబొమ్మల మనిషిని చేసి నిలబెట్టాడు.

కోరుట్లలో దిగేసరికి ఇంకా పొద్దుంది. ఇంట్లో ఎవరూ లేరు. వాకిట్లో గోనెసంచి పరిచి బండి విప్పాను. బ్లేడుతో నూలు కోశాను, పుల్లతో జిగురు గీకాను, పాత బట్టతో నూనె తుడిచాను. ఇనుప గేరు వేశాను. బేరింగులు మార్చాను. ఎదురింటి కాపోళ్ల అవ్వ వచ్చి కాసేపు చూసి, "కుట్టు మిషనా బిడ్డా?" అని అడిగి వెళ్లిపోయింది. బ్యాటరీ ఛార్జింగులో పెట్టి, అన్నం వండుకుని తిన్నాను. చాలా రోజులకు కడుపు నిండా తిన్నాను.

తెల్లారి బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోవాలి. ఎప్పుడూ కొంగు నిండుగా కప్పుకుని, గోడ వారగా, తల దించుకుని పోయే దారి అది. ఆ రోజు బీడీల సంచి భుజానికి తగిలించుకుని, బండిని గుమ్మం ముందు రోడ్డు మీద దించాను. రిమోటు రెండు చేతులతో పట్టుకుని మీట నొక్కాను. అది ముందు ఉరికింది, నేను వెనక నడిచాను. కిరాణం కొట్టు ముందు ఛాయ్ తాగేవాళ్లు లేచి నిలబడ్డారు. "ఎవలది వదినా గది? ఏ పోరనిదన్న గుంజుకచ్చినవా?" అని ఒకడు అరిచాడు.

"నాదే" అన్నాను, ఆగకుండా.

భుజాన సంచిలో ఫోను మోగింది, మా ఆయనో, మా అత్తో. ఆగి మళ్లీ మోగింది. బండిని మురికినీళ్ల పెద్ద మోరీ పక్క నుంచి తిప్పి, మట్టి రోడ్డు ఎక్కించి, కార్ఖానా మెట్ల దాకా నడిపించాను. అక్కడ దాన్ని ఎత్తి, దుమ్ము దులిపి చంకన పెట్టుకుని, ఆడవాళ్ల లైన్లో నిలబడ్డాను.